పురుగు బాటల రాయి

ఎండిన మొద్దు మీది బెరడు ఊడదీసినప్పుడు లోపలివైపు ఎప్పుడైనా పరకాయించి చూశారా? పురుగు తొలుచుకుంటూ పోయిన సన్నని దారులు వుంటాయి. వంకరలు తిరుగుతూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, మెలికల ముగ్గు వేస్తూ వేస్తూ చెయ్యి దారి తప్పినట్టు కనిపిస్తాయి. మనకైతే ఆ గీతలు చూడగానే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంట్లో ఇంకే చెక్కకు పట్టిందోనని వెతుకులాట మొదలుపెడతాం. ఐరోపాలో ఆ గీతల్నే పనిగట్టుకుని రాతి మీద చెక్కించి, వీధి గుమ్మాలకు అలంకారంగా పెట్టుకున్నారండీ!

దీన్ని వాళ్ళు వెర్మిక్యులేషన్ అన్నారు. లాటిన్ భాషలో చిన్న పురుగుకున్న పేరులోంచి పుట్టిన మాట. ప్రకృతిలో ఈ గీతకు పురుగే అక్కర్లేదు. శీతాకాలంలో మన కొల్లేటికి వలస వచ్చే సూదితోక బాతుల్లో మగదాని పక్కలు చూడండి. దూరానికి ఉత్త బూడిదరంగే. దగ్గరగా చూస్తే ఒక్కొక్క ఈక మీదా వెంట్రుకలాంటి అలల గీతలు. ఇలాంటి చారలూ మచ్చలూ జీవుల ఒంటి మీద ఎలా ఏర్పడగలవో అలన్ ట్యూరింగ్ అనే ఆంగ్లేయ గణిత శాస్త్రజ్ఞుడు 1952లో ఒక వ్యాసంలో లెక్కగట్టి చూపించాడు. రెండు రసాయనాలు ఒకదాన్నొకటి ప్రేరేపిస్తూ, అడ్డుకుంటూ వ్యాపిస్తే చాలునట.

సరే, రాతి సంగతికి వద్దాం. పారిస్‌లో 1674లో పద్నాలుగో లూయీ రాజు కోసం కట్టిన సేంట్ మార్టిన్ ద్వారం నిండా ఈ పురుగు గీతలే. నున్నటి రాయి మీద ఎండ పడితే జారిపోతుంది. గాడి వున్న రాయి మీద పడితే ప్రతి గాడిలోనూ ఇంత నీడ నిలుస్తుంది. దాంతో గోడ మోటుగా, బలంగా, ఎప్పటిదో అన్నట్టుగా కనిపిస్తుంది. ఒకటే చిక్కు. గాడి గాడీ ఉలితో తొలవాలి. అది రాజులకు చెల్లింది గాని, మామూలు గృహస్థు వల్ల అయ్యే ఖర్చా?

ఆ ఖర్చు తగ్గించింది ఒక స్త్రీ. పేరు ఎలినార్ కోడ్. 1733లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో, ఉన్నిబట్టల వర్తకుడి ఇంట పుట్టింది. తండ్రి వ్యాపారం దివాలా తీసింది. ఆవిడ మాత్రం లండన్‌లో నారబట్టల వ్యాపారం చేసి నిలదొక్కుకుంది. తర్వాత 1769లో, థేమ్స్ నది ఒడ్డున లాంబెత్‌లో కృత్రిమ శిల తయారుచేసే కార్ఖానా ఒకటి కొన్నది. అంతకుముందు దాన్ని నడిపిన డేనియల్ పింకాట్‌ను పనిలోనే వుంచింది. ఆయనగారేమో యజమానిలా చెలామణీ కాసాగాడు. రెండేళ్ళు చూసి, 1771లో ఆవిడ పత్రికల్లో ప్రకటన వేయించింది: పింకాట్‌కు ఇందులో ఏ హక్కూ లేదు, అసలు యజమానురాలిని నేనే అని. అతణ్ణి పంపించేసి, జాన్ బేకన్ అనే మంచి శిల్పిని తెచ్చుకుంది. ఆయన 1799లో పోయేదాకా అక్కడే పనిచేశాడు.

ఆ శిల నిజానికి రాయి కాదు, కాల్చిన మట్టి. తెల్లబంకమన్నులో, ఒకసారి కాల్చి దంచిన మట్టిపొడి, చెకుముకి రాతి పొడి, సన్న ఇసుక, నూరిన గాజు కలిపేవారు. ఆ ముద్దను అచ్చుల్లో అదిమి, ఆరబెట్టి, బట్టీలో సుమారు 1100 డిగ్రీల వేడిలో నాలుగు రోజులు కాల్చేవారు. ముందే కాల్చిన పొడి కలిసింది కనుక ముద్ద అంతగా కుంచించుకుపోదు. గాజు కరిగి అన్నింటినీ పట్టి వుంచుతుంది. దినుసులు తెలిసినంత మాత్రాన పని కాదు లెండి. అంత లావు దిమ్మకు నాలుగు రోజులూ రాత్రింబవళ్ళు వేడి హెచ్చుతగ్గులు కాకుండా చూడడంలోనే వుంది నేర్పంతా. వంటింట్లో పాకం పట్టేవాళ్ళకి ఆ మాట వేరే చెప్పాలా!

పురుగు గీతలు ఒక్కసారి అచ్చులో చెక్కితే చాలు, ఎన్ని దిమ్మలైనా తీసుకోవచ్చు. 1775 నుంచి 1783 దాకా లండన్‌లో కట్టిన బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో చాలా ఇళ్ళ గుమ్మాల చుట్టూ ఆ దిమ్మలే వున్నాయి. కమాను నడినెత్తిన గడ్డం మనిషి ముఖం ఒకటి. అవి నేటికీ నిలిచి వున్నాయి. పొగకూ మంచుకూ మామూలు రాళ్ళు అరిగిపోయే ఊళ్ళో ఈ గాళ్ళ అంచులు ఇంకా తేటగానే కనిపిస్తాయి.

ఇంత చేసిన మనిషి పేరు చరిత్రలో తిన్నగా నిలిచిందా అంటే, లేదు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అయినా వ్యాపారం చేసే స్త్రీని మర్యాదకు "మిసెస్" అనడం ఆ రోజుల్లో వాడుక. ఆవిడ తల్లి పేరు కూడా ఎలినారే. ఇంకేముంది, తర్వాతి వాళ్ళు కాగితాల్లో "మిసెస్ కోడ్" అని చూసి కార్ఖానా తల్లిదనుకున్నారు. అలిసన్ కెల్లీ అనే చరిత్రకారిణి పాత దస్తావేజులన్నీ తిరగేసి, నడిపింది కూతురేనని తేల్చింది. ఆమె పుస్తకం 1990లో వచ్చింది.

పెళ్ళి మాట ఎందుకెత్తానంటే, ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సొత్తు మీద పెత్తనమంతా భర్తదే. ఎలినార్ పెళ్ళాడి వుంటే లాంబెత్ బట్టీలూ అచ్చులూ భర్త చేతికి పోయేవి. భార్య ఆస్తి భార్యదేనని అక్కడ పూర్తి చట్టం వచ్చింది 1882లో. ఎలినార్ 1821 నవంబరులో, ఎనభై ఎనిమిదో ఏట కన్నుమూసింది. వీలునామాలో కొందరు స్త్రీలకు డబ్బు రాసి, పెళ్ళయినవాళ్ళ విషయంలో ఒక షరతు పెట్టింది: ఆ సొమ్ము భార్య చేతికే అందాలి, భర్తకు దాని మీద ఏ అధికారమూ వుండకూడదు అని.