ఎత్తైన మొక్కల కంచెలపై బ్రిటన్ చట్టాలు

రెండిళ్ల మధ్య హద్దుగా నాటిన మొక్కల కంచె ఏపుగా ఎదిగి పక్కవారి వెలుతురుకు అడ్డుపడితే, వారు స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే చట్టాలివి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నాటి సంఘవ్యతిరేక ప్రవర్తన చట్టంలోని 8వ భాగం వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో అది 2005 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ఉత్తర ఐర్లండ్ 2011లో, స్కాట్లండ్ 2013లో విడిగా చట్టాలు చేసుకున్నాయి.

తగవులకు ముఖ్య కారణం లేలండ్ సైప్రస్ చెట్టు. వేల్స్‌లోని లేటన్ హాల్ ఎస్టేటులో 1888లో మాంటెరీ సైప్రస్, నూట్కా సైప్రస్ జాతుల సంకరంతో ఇది పుట్టింది. త్వరగా చాటు కావాలనుకునేవారు దీన్నే నాటుతారు. ఏడాదికి దాదాపు మీటరు పెరుగుతుంది, ఆకు రాల్చదు. బ్రిటన్‌లో చలికాలపు సూర్యుడు బాగా కిందుగా నడుస్తాడు కనుక, వెలుతురు అరుదైన ఆ నెలల్లోనే దీని నీడ పొరుగు పెరడంతా కమ్మేస్తుంది.

పాత చట్టంలో దీనికి మందు లేదు. హద్దు దాటిన కొమ్మల్ని నరుక్కోవచ్చు గాని, నిటారుగా పెరిగిన చెట్టును తాకకూడదు. 1832 నాటి చట్టం 20 ఏళ్లుగా కిటికీలోకి వస్తున్న వెలుతురును కాపాడింది. తోటలో పడే ఎండను పట్టించుకోలేదు.

కొత్త చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో కంచె అంటే వరుసలో కనీసం రెండు చెట్లు లేదా పొదలు ఉండాలి, అవి ప్రధానంగా ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకాలై, రెండు మీటర్లు దాటి ఎదిగి ఉండాలి. స్కాట్లండ్ మాత్రం ఆకు రాల్చే చెట్లనూ లెక్కలోకి తీసుకుంది. రెండు మీటర్లు దాటినంత మాత్రాన కంచె నేరం కాదు; అక్కడి నుంచి ఫిర్యాదుకు అర్హత వస్తుంది, అంతే. ముందు పొరుగువారితో మాట్లాడి చూడాలి. ఆ ప్రయత్నం చేయనివారి ఫిర్యాదును కౌన్సిల్ తోసిపుచ్చవచ్చు. చట్టంలో మెచ్చదగ్గ అంశం ఇదే. ఇరుపక్షాల వాదనా సబబో కాదో తూచి, అవసరమైతే కౌన్సిల్ కంచె తగ్గించమని నోటీసు ఇస్తుంది. రెండు మీటర్ల కంటే కిందికి కత్తిరించమనీ, మొత్తం పీకేయమనీ ఆదేశించకూడదు. నోటీసు ఆ తర్వాత ఇల్లు కొన్నవారికీ వర్తిస్తుంది. దాన్ని లెక్కచేయకపోతే వెయ్యి పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. కౌన్సిలే కత్తిరింపు చేయించి ఖర్చు యజమాని నుంచి రాబట్టవచ్చు. వేర్ల వల్ల గోడలకు కలిగే నష్టం దీని పరిధిలోకి రాదు.

చట్టంలోని లోపం ఫిర్యాదుకు వసూలు చేసే ఫీజు. వెలుతురు పోగొట్టుకున్నవారే దాన్ని కట్టాలి. చాలా కౌన్సిళ్లలో అది వందల పౌండ్లు. పరిమిత ఆదాయం ఉన్న వృద్ధులు ఇక్కడే ఆగిపోతారు. ఉత్తర ఐర్లండ్‌లో ఫిర్యాదు నెగ్గితే కట్టిన ఫీజు తిరిగి వస్తుంది. న్యాయమైన పద్ధతి అదే, మిగతా ప్రాంతాలూ దాన్ని అనుసరించాలి.

భారతదేశంలో కంచె ఎత్తుపై ఇలాంటి జాతీయ చట్టం లేదు. తొలుత మద్రాసు ప్రెసిడెన్సీ సహా కొన్ని ప్రాంతాల్లో అమలైన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కూడా, 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించిన వెలుతురుపై హక్కును భవనాలకే ఇచ్చింది.