రికాల్సిట్రంట్, విషమ, దుర్జయ: వేంగి నేపథ్యంలో ప్రతిఘటన వాచకాలు

లొంగనివానిని ఆంగ్లంలో ‘రికాల్సిట్రంట్’ అంటారు. లాటిన్‌లో ‘కాల్క్స్’ అంటే మడమ. వెనుక కాళ్ళతో తన్నే పశువు ఆ పదంలో దాగి ఉంది. ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరిన ఈ విశేషణానికి ‘మొండి’ అన్న అనువాదం చాలదు. మొండితనం స్వభావం మాత్రమే. రికాల్సిట్రంట్ అనడానికి తన్ను తప్పించుకోవలసిన యజమాని ఒకడు ఉండాలి. ఆ మాట పుట్టింది అతని చూపులోనే.

శాలంకాయనుల రాజధాని వేంగి, అంటే నేటి పెదవేగి విషయంలో శాసన భాష ఎలా ఉంది? హరిషేణుని ప్రయాగ ప్రశస్తి సముద్రగుప్తునికి చిక్కిన దక్షిణాపథ రాజులలో వేంగి హస్తివర్మను పేర్కొన్నది. పట్టుకోవడం, విడిచిపెట్టడం, అనుగ్రహించడం అనే క్రియలన్నీ గుప్త చక్రవర్తివే. హస్తివర్మకు దక్కినవి పేరు, ఊరు మాత్రమే. ఎదిరించాడో లేదో చెప్పే విశేషణం ఒక్కటీ లేదు. విజేత ప్రశస్తిలోని ఈ మౌనాన్ని విధేయతగా చదవడం తొందరపాటు.

రెండవ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుని బిరుదు ‘విషమసిద్ధి’. స్థల దుర్గాలు, జల దుర్గాలు మొదలైన విషమ స్థానాలలో సిద్ధి పొందినందున ఆ పేరు వచ్చిందని తూర్పు చాళుక్య శాసనాల వివరణ. ఇక్కడ ప్రతిఘటన మనిషిది కాదు, నేలది, నీటిది. క్రీ.శ. 634–35 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి వర్ణించిన, నెత్తురుతో ఎర్రబారిన కునాళ జలాలు కొల్లేటివేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అది నిజమైతే విషమత్వమంతా నీటిది కాదు. ఆ నీటిలో నిలబడి పోరాడినవారిది కూడా. బిరుదు ఆ సంగతిని దాచింది.

‘దుర్జయ’ దారి వేరు. పాణిని సూత్రం (3.3.126) ప్రకారం కష్టార్థంలో ‘దుస్’ ఉపపదంగా ఉన్నప్పుడు ధాతువుకు ఖల్ ప్రత్యయం వస్తుంది, అది కర్మార్థకం. కనుక దుర్జయుడంటే జయించడానికి కష్టమైనవాడు. ఈ పదంలోనూ జయించబోయేవాడు ఉన్నాడు, కాని శ్రమ అతనిది. ఎదుటివానిపై నింద లేదు. అందుకే ఈ విశేషణం వంశనామం కాగలిగింది. వెలనాటి ప్రభువులు, కాకతీయులు తాము దుర్జయ కులజులమని శాసనాల్లో సగర్వంగా చెప్పుకొన్నారు. రికాల్సిట్రంట్ అన్న పేరుతో వంశవృక్షం మొదలుపెట్టుకొనే రాజును ఊహించడం కష్టం.