ఇద్దరు లక్ష్ములా, ఒక్క లక్ష్మేనా? టీబీ లెక్కల వెనక కథ

తగరపువలస సంగతి తెలిసిందే కదా. ఇటు బస్సెక్కితే విశాఖ, అటు ఎక్కితే విజయనగరం. ఒంట్లో బాగోకపోతే ఎటైనా పోతాం. లక్ష్మి అని ఒకామె ఉందనుకోండి, ఊరికే ఉదాహరణకి. దగ్గు తగ్గట్లేదు. విజయనగరంలో ప్రైవేట్ డాక్టర్ టీబీ అని తేల్చి, రూల్ ప్రకారం ప్రభుత్వానికి తెలియజేశారు. ఆమేమో విశాఖలో కూతురింటికి వెళ్లి, అక్కడ ప్రభుత్వాసుపత్రిలో మందులు మొదలెట్టింది. ఇంగ్లిష్‌లో ఒకచోట ఆమె పేరు 'కే ఎస్ హెచ్'తో, ఇంకోచోట 'ఎక్స్'తో ఎక్కింది.

కంప్యూటర్‌కి వీళ్లిద్దరు. ఒక లక్ష్మి ఆరు నెలల కోర్సు వాడుతోంది. ఇంకో లక్ష్మి మాయమైపోయింది. లేని మనిషి కోసం ఆరోగ్య కార్యకర్త వీధులన్నీ తిరగాలి.

ఈ తలనొప్పి కంప్యూటర్ల కన్నా పాతది. 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన పేర్లని రాతతో కాకుండా పలుకుబడితో వెతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అదే సౌండెక్స్. మొదటి అక్షరం ఉంచేసి, అచ్చులు తీసేసి, మిగతా హల్లులకి నంబర్లు ఇస్తారు. ఇప్పుడు వాడే లెక్కలో మన ఇద్దరు లక్ష్ములకీ 'ఎల్ 250' అనే వస్తుంది. భలే కదా! కానీ మా వైపు వెంకట్రావుని ఎంకట్రావు అంటారు. విన్నది విన్నట్టు టైప్ చేస్తే మొదటి అక్షరమే మారిపోయింది. ఇక సౌండెక్స్‌కి వాళ్లిద్దరూ ఎవరికి వారే.

1946లో హాల్బర్ట్ డన్ అనే అమెరికా అధికారి, ఒక మనిషి పుట్టుక నుంచి చావు దాకా ఉన్న కాగితాలన్నిటినీ ఒక పుస్తకంలా కలిపే పనికి 'రికార్డ్ లింకేజ్' అని పేరు పెట్టాడు. 1959లో కెనడాలో హోవార్డ్ న్యూకాంబ్ బృందం ఆ పనిని కంప్యూటర్‌తో చేసి చూపించింది. వాళ్ల కిటుకు నాకు చాలా ఇష్టం: అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. సింహాద్రి అప్పన్న ఉన్న జిల్లాలో రెండుచోట్ల 'అప్పలరాజు' కనిపిస్తే ఏం తేలుతుంది చెప్పండి? అదే ఎక్కడా వినని ఇంటిపేరు కలిసిందంటే ఆలోచించాలి. 1969లో ఫెల్లెగి, సంటర్ దీన్ని గణితంగా మలిచి, 'ఒకరే', 'వేరు'తో పాటు 'మనిషి చూడాలి' అనే మూడో గుట్ట కూడా పెట్టారు.

మన దగ్గర మొన్నమొన్నటి దాకా టీబీ రిజిస్టర్లు కాగితం మీదే. ఏ యూనిట్ నంబర్లు ఆ యూనిట్‌వి. ఊరు మారితే నంబర్ మారేది. 2012 మేలో టీబీ కేసు తప్పనిసరిగా తెలియజేయాలన్నారు, అదే ఏడాది నిక్షయ్ వచ్చింది. 2018 ఏప్రిల్ నుంచి పోషణకి నెలకి 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1000. ఖాతాలోకి డబ్బు రావడంతో డూప్లికేట్‌ల మీద అందరి కళ్లూ పడ్డాయి.

మరి కలిపేయడమే కదా అంటారా? ఇక్కడే అసలు ప్రమాదం. ఖాతా లేనివాళ్లు ఇంట్లోవాళ్ల ఖాతా ఇస్తారు. ఇంటికంతా ఒకటే ఫోన్. అడ్రస్ చూద్దామంటే రామాలయం వీధి లేని ఊరుందా? టీబీ ఒక ఇంట్లో ఇద్దరికి రావడం వింత కాదు. అలాంటి తండ్రీకొడుకుల్ని ఒకరిగా కలిపేశారనుకోండి, ఒకరి మందులు ఆగిపోవచ్చు. తండ్రికి రిఫాంపిసిన్ పని చేయదని వచ్చిన రిపోర్ట్ కొడుకు పేరు మీద కూర్చోవచ్చు. నన్నడిగితే, ఒకరు ఇద్దరైతే లెక్క తప్పుతుంది, ఇద్దరు ఒకరైతే ప్రాణం మీదికొస్తుంది.

2021లో దేశమంతా మొదలైన ఆభా, 14 అంకెల ఆరోగ్య ఐడీ, ముందు ముందు కొంత పని తగ్గిస్తుంది. కానీ పాత ఎంట్రీల మీద ఆ నంబర్ లేదు. ఆ మూడో గుట్టని మాత్రం ఇప్పటికీ ఒకరు కూర్చుని, ఫోన్ తీసి అడగాల్సిందే: "అమ్మా, మునుపు విజయనగరంలో చూపించుకున్నది మీరేనా?"