తొలి ముద్దలో ఔషధం: హింగ్వష్టక చూర్ణం, తెలుగు భోజన సంప్రదాయం

అజీర్ణ చికిత్స చరిత్రను వైద్యగ్రంథాల ఆధారంగా మాత్రమే నిర్మిస్తే అందులో సగభాగం మరుగున పడుతుంది. ఔషధాన్ని భోజనపు విస్తరి దగ్గరకే చేర్చిన హింగ్వష్టక చూర్ణం ఇందుకు మంచి నిదర్శనం.

ఆయుర్వేదం జఠరాగ్నిని సమ, విషమ, తీక్ష్ణ, మంద భేదాలతో నాలుగు విధాలుగా చెప్పింది. మందాగ్ని వల్ల తిన్నది సకాలంలో అరగక కడుపుబ్బరం కలుగుతుంది. వాగ్భటుని అష్టాంగహృదయం చికిత్సాస్థానంలో, గుల్మచికిత్సా సందర్భంలో ఈ చూర్ణం కనిపిస్తుంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, అజమోదం, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ ఇందులోని 8 ద్రవ్యాలు. వ్యవహారంలో అజమోదానికి బదులు వామును వాడటమూ ఉంది. దీనిని నేతితో కలిపి భోజనంలో తొలి కబళంగా తీసుకోవాలన్నది విధి. అంటే ద్రవ్యాలతో పాటు అనుపానం, సమయం కూడా చికిత్సలో భాగాలే.

వేడి అన్నంలో పొడి, నెయ్యి కలిపి తొలి ముద్ద తినడం తెలుగు ఇళ్లలో పరిచితమైన ఆచారం. బాలింతకు శొంఠిపొడి అన్నం పెట్టడమూ ఇటువంటిదే. అయితే ఈ సామ్యం ఒక్కటే ఇల్లు గ్రంథాన్ని అనుసరించిందని నిరూపించదు. వంటింటి అనుభవమే గ్రంథస్థమై ఉండే అవకాశాన్ని కూడా పరిశీలించాలి. పైగా ఇంగువ ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి వర్తకం ద్వారా వచ్చిన సరుకు. కనుక 'ఇంటి వైద్యం' అన్నంత మాత్రాన అది పూర్తిగా స్థానికమైనదని భావించరాదు.

పదజాలం ఈ పరిశీలనకు మరో ఆధారం. 'అగ్నిమాంద్యం' అనే శాస్త్రపదంలో జీర్ణక్రియ నిప్పుగా భావితమైంది. 'అరుగు' అనే తెలుగు క్రియ ఆహారానికీ, రాపిడికి లోనైన చెప్పులకూ ఒకటే. సంస్కృతంలో 'జీర్ణ' శబ్దానికి కూడా శిథిలమైనదనే అర్థం ఉంది. జీర్ణవస్త్రం, జీర్ణోద్ధరణ వంటి ప్రయోగాలు ఇందుకు సాక్ష్యం. నిప్పు, అరుగుదల అనే రెండు భావనలూ తెలుగు వ్యవహారంలో పక్కపక్కనే నిలిచాయి. సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగు యోగాలకూ చోటిచ్చిన బసవరాజీయం వంటి గ్రంథాలను ఈ దృష్టితో చదవవలసి ఉంది.

1921లో మద్రాసు ప్రభుత్వం ఉస్మాన్ అధ్యక్షతన నియమించిన సంఘం 1923లో నివేదిక సమర్పించింది. దేశీయ వైద్యాల గుర్తింపు, ప్రోత్సాహం దాని ముందున్న ప్రధాన ప్రశ్నలు. అందువల్ల చర్చ సహజంగా వైద్యుడు, గ్రంథం, విద్యాలయం అనే మూడింటి చుట్టూ నడిచింది. వడ్డించే చేతికి తెలిసిన క్రమం అటువంటి చర్చకు సులభంగా అందదు. తెలుగు వైద్యచరిత్ర రచనలో తాళపత్రంతో పాటు విస్తరి క్రమానికీ, వ్యవహారపదానికీ ఆధారస్థాయి కల్పించినప్పుడే ఆ లోటు తీరుతుంది.