కరిగే చేయి, కరిగే లోహం: ఒక హెచ్చరిక బొమ్మ చరిత్ర

గాజువాక, మింది, షీలానగర్ దారులలో తిరిగేవారు ఎప్పుడో ఒకప్పుడు ఆమ్లం మోసుకుపోయే ట్యాంకర్ లారీ వెనుక ఆగి ఉంటారు. ఈసారి ఆగినప్పుడు దాని వెనుక ఉన్న పలకను శ్రద్ధగా చూడండి. మూల మీద నిలబెట్టిన చదరం. పై సగం తెలుపు, కింది సగం నలుపు. తెల్లని భాగంలో రెండు గాజు గొట్టాలు వంగి ఉంటాయి. ఒకదాని నుంచి జారే చుక్కలు మనిషి చేతిని, రెండవదాని నుంచి జారేవి లోహపు దిమ్మెను తినివేస్తూ ఉంటాయి. అడుగున 8 అనే అంకె. సమీపంలో నాలుగంకెల సంఖ్య ఒకటి. మన ఊళ్ళో అది చాలాసార్లు 1830. అంటే గాఢ గంధకామ్లం. పాత తెలుగు పుస్తకాలు దీనినే గంధక ద్రావకం అన్నాయి.

ఆ బొమ్మ ఎలా వచ్చింది, అది మనకు ఏమి చెబుతుంది, ఎక్కడ చెప్పలేక ఆగిపోతుంది అన్న విషయాలు పారిశ్రామిక నగరంలో నివసించే ప్రతివారూ తెలుసుకోదగినవి.

విశాఖ రేవు పుట్టిన నాటికి ఈ బొమ్మ లేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే నౌక లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. ఆనాటి ముఖ్యోద్దేశం మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడల కెక్కించడం. ఖనిజం ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు గాని, చేతిని క్షణాలలో కాల్చేది కాదు. పరిశ్రమలు వచ్చిన తరువాత కథ మారింది. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, 1967లో శ్రీహరిపురం దగ్గర కోరమాండల్ ఎరువుల కర్మాగారం, డెబ్భైలలో మింది దగ్గర హిందుస్థాన్ జింక్ వారి కర్మాగారం వచ్చాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు.

వీటన్నిటినీ కలిపే సన్నని దారం గంధకామ్లమే. ఫాస్ఫేటు ఎరువులకు అది కావాలి. జింకు ఖనిజాన్ని కాల్చినప్పుడు వెలువడే గంధక వాయువు నుంచి అది తయారవుతుంది. ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోకుగా మార్చేటప్పుడు వచ్చే అమ్మోనియాను అదే ఆమ్లంలో పట్టి అమ్మోనియం సల్ఫేటు ఎరువుగా మారుస్తారు. పచ్చని పొలంలో రైతు చల్లే తెల్లని పలుకుల వెనుక ఇంత ఉగ్రమైన ద్రవం ఉన్నదని తలచేవారు తక్కువ.

పూర్వం ఆమ్లాలు పెద్ద గాజు జాడీలలో, చుట్టూ గడ్డి కూరిన బుట్టలలో ప్రయాణించేవి. జాడీ పగిలి నత్రికామ్లం ఎండుగడ్డిని తాకితే మంటలు లేచేవి. రక్షణ కోసం పెట్టినదే ప్రమాద కారణమయ్యేదన్న మాట! ఒక్కో దేశానిది, ఒక్కో రైల్వేది, ఒక్కో రేవుది ఒక్కో పద్ధతి. ఒక రేవులో ఎక్కించిన కూలీకి తెలిసిన గుర్తు మరో రేవులో దించే కూలీకి తెలియదు. ఈ అయోమయాన్ని తొలగించడానికి ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి 1953లో నిపుణుల సంఘాన్ని వేసింది. 1956లో దాని సిఫారసులు వెలువడ్డాయి. నారింజ రంగు అట్ట వల్ల ‘ఆరెంజ్ బుక్’ అని పేరుపడిన ఆ గ్రంథం నేటికీ సవరణలతో వెలువడుతూనే ఉంది. 1960లో లండన్‌లో జరిగిన సముద్ర భద్రతా సమావేశం నౌకలన్నిటికీ ఒకే నియమావళి ఉండాలన్నది. 1965లో అది సిద్ధమైంది. 2004 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది.

ఈ పద్ధతి ప్రమాదకర సరుకులను తొమ్మిది తరగతులు చేసింది. పేలేవి ఒకటవది, వాయువులు రెండవది, మండే ద్రవాలు మూడవది. ఇలా వెళితే తినివేసేవి ఎనిమిదవది. ప్రతి తరగతికీ ఒక బొమ్మ, ప్రతి సరుకుకూ ఒక నాలుగంకెల సంఖ్య. ఏ భాషా రాని రేవు కార్మికుడు కూడా బొమ్మ చూసి చేయి వెనక్కు తీసుకోవాలన్నది ఇందులోని సూక్ష్మం. చేయి కరుగుతున్న ఆ బొమ్మ కంటె సూటిగా చెప్పగల వాక్యం ఏ భాషలోనూ నాకు తోచదు.

వైద్యునిగా నన్ను ఎక్కువ ఆకర్షించినది మాత్రం ఎనిమిదవ తరగతిలో హెచ్చుతగ్గులు నిర్ణయించిన తీరు. దానికి కొలత గడియారం. ఒక పదార్థం చర్మాన్ని మూడు నిమిషాలో అంతకంటె తక్కువో తాకి, గంటలోపు ఆ చర్మం పూర్తి మందంతో చచ్చిపోతే అది మొదటి వర్గం. మూడు నిమిషాలకు మించి గంట లోపు తాకితే అలా జరిగేది రెండవది. గంట దాటి నాలుగు గంటల లోపు తాకితే జరిగేది మూడవది. చివరి రెండింటికీ 14 రోజులు గమనిస్తారు. చర్మాన్ని ఏమీ చేయకపోయినా 55 డిగ్రీల వేడిమిలో ఉక్కునో అల్యూమినియంనో ఏడాదికి 6.25 మిల్లీమీటర్లకు మించి తినివేసేది కూడా మూడవ వర్గంలో చేరుతుంది. బొమ్మలోని లోహపు దిమ్మె అందుకే. గాఢ గంధకామ్లం రెండవ వర్గం, ఫాస్ఫారిక్ ఆమ్లం మూడవది, పొగలు చిమ్మే గంధకామ్లం మొదటిది.

ఈ నిమిషాల లెక్క చాలాకాలం కుందేళ్ళ చర్మం మీద తేల్చినది. 1944లో అమెరికాలో డ్రేజ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరీక్ష దానికి మూలం. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పొరల మీద పరీక్షించే పద్ధతులు వచ్చాయి. మన చేతులు భద్రంగా ఉండడానికి మూగజీవాలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

లోహం సంగతిలో ఒక విచిత్రం ఉంది. గాఢ గంధకామ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకులలోనే నిల్వ చేస్తారు. ఆమ్లం ఉక్కును తాకగానే ఏర్పడే ఐరన్ సల్ఫేటు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. నీరు చేరితే ఆ రక్షణ పోతుంది. పలచబడిన ఆమ్లం ఉక్కును వేగంగా తింటూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. దానికి నిప్పురవ్వ చాలు. ఖాళీ చేసి కడిగిన ఆమ్లపు ట్యాంకు మీద పరీక్షించకుండా వెల్డింగ్ చేయడం నిండు ట్యాంకు దగ్గర నిలబడడం కంటె ప్రమాదం కావచ్చు. ఈ సంగతి ఆ బొమ్మలో లేదు.

మన దేశంలో చట్టం చురుకైనది భోపాల్ తరువాతే. 1984 డిసెంబరు నాటి ఆ ఘోరం తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. వాటిలో 17వ నియమం ప్రకారం ప్రతి పాత్ర మీద లోపలి పదార్థం పేరు, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, పదార్థపు భౌతిక, రసాయనిక, విష లక్షణాలు స్పష్టంగా ఉండాలి. వివరాలతో భద్రతా సమాచార పత్రం కూడా ఉండాలి. అదే ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు లారీల మీద ఆ చదరపు పలకను, అత్యవసర ఫోన్ నంబర్లను తప్పనిసరి చేశాయి. ఇలాంటి లారీ నడిపేవారికి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవను, వ్రాయను రావాలన్నాయి. డ్రైవరుకు ఇంగ్లీషు రావాలన్నారు సరే, ఆ లారీ ఒరిగిపడిన ఊరివారి మాట? పలక మీద పేరు తెలుగులో కూడా వ్రాయడానికి అయ్యే ఖర్చెంత?

ఆ ప్రశ్న 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో మరింత తీవ్రంగా ఎదురైంది. ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా ఊరి మీద పడింది. 12 మంది మరణించారు. స్టైరీన్ రవాణా సంఖ్య 2055, తరగతి మూడు, బొమ్మ మంట. అది తినివేసే పదార్థం కాదు. అయినా ఇక్కడ ప్రస్తావించడానికి కారణముంది. తరగతి అంకె రవాణాలో ముఖ్యమైన ప్రమాదాన్ని చెబుతుంది. చాలాకాలం కదలకుండా ఉన్న ట్యాంకును సరిగా చల్లబరచకపోతే ఏమవుతుందో చెప్పదు. పైగా గుర్తు ట్యాంకుకు ఉంటుంది, గోడ అవతల నిద్రపోతున్న వారికి ఉండదు.

ఆమ్లం విషయంలో గుర్తు ఆగిపోయే మరో చోటు మన ఇళ్ళు, చిన్న దుకాణాలు. డ్రమ్ము మీద బొమ్మ ఉంటుంది. డ్రమ్ములోనుంచి క్యాన్‌లోకి, క్యాన్‌లోనుంచి పాత కూల్‌డ్రింక్ సీసాలోకి వంపగానే బొమ్మ పోతుంది, సంఖ్య పోతుంది, పేరు కూడా పోయి ‘యాసిడ్’ అన్న మాట ఒక్కటే మిగులుతుంది. స్నానాల గదులు కడిగేది, బ్యాటరీలో పోసేది, బంగారపు పనిలో వాడేది, అన్నీ యాసిడ్లే! 2013 జూలై 18న సుప్రీంకోర్టు చిల్లర అమ్మకాలకు రిజిస్టరు, కొనేవారి గుర్తింపు పత్రం ఉండాలని ఆదేశించింది. అది దాడుల నివారణకు వచ్చిన తీర్పు. దాహమై సీసా ఎత్తిన పసివాడిని కాపాడేది సీసా మీది చీటీయే.

కాలిన మనిషి వచ్చినప్పుడు వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ మందు పడింది?’ అని. ఎనిమిదో తరగతి అన్న సమాధానం సగమే. ఆమ్లం మాంసకృత్తులను గడ్డకట్టించి గట్టి పొర చేస్తుంది. కాస్టిక్ సోడా వంటి క్షారం కొవ్వును సబ్బుగా మార్చి ఇంకా లోతుకు పోతూనే ఉంటుంది, మొదట నొప్పి కూడా తక్కువగా ఉండవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు శుభ్రపరిచే చోట వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రక్తంలోని కాల్షియాన్ని లాగేసి గుండెను ఆపగలదు. దానికి కాల్షియం గ్లూకోనేట్ వెంటనే కావాలి. మూడింటికీ తరగతి ఒక్కటే, సంఖ్యలు వేరు.

కాబట్టి ప్రమాదం జరిగితే ముందు తడిసిన బట్టలు తీసివేయండి. పొడి సున్నం వంటిదైతే దులిపివేయండి. తరువాత పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగండి. కంటిలో పడితే రెప్పలు తెరిచి కడగండి. ఆమ్లానికి వంటసోడా, క్షారానికి నిమ్మరసం అంటూ విరుగుళ్ళు పోయవద్దు. ఆ చర్యలో పుట్టే వేడి మరింత కాలుస్తుంది. నెయ్యి, పేస్టు పూయవద్దు. మింగినవారికి వాంతి చేయించవద్దు. ఒకరు కడుగుతూ ఉండగా మరొకరు 108కు ఫోన్ చేసి, డ్రమ్ము లేదా లారీ మీది పలకను ఫోన్‌లో ఫోటో తీయండి. పలక లేకపోతే సీసాను మూత బిగించి తీసుకురండి. 1830 గంధకామ్లం, 1789 హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 2031 నత్రికామ్లం, 1824 కాస్టిక్ సోడా ద్రావణం, 1790 హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం.