పదిహేనుకూ యాభైకీ మధ్య

ఢిల్లీలో పాత కారును బాగుచేసి నడుపుకోవడం సరదా కొద్దీ పుట్టిన అలవాటు కాదు, కరువులోంచి పుట్టింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మీద కేంద్ర ప్రభుత్వం ఒక నిర్ణయానికి వచ్చింది. విదేశీ విడిభాగాలు దించుకుని ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలు వద్దు, దేశంలోనే తయారుచేసేవాళ్లు చాలు అంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ దుకాణం కట్టేశాయి. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్ మిగిలాయి. ఆ తరవాతి మూడు దశాబ్దాలు రాజధానిలో సొంత కారు అంటే చాలావరకు అంబాసిడరో ఫియటో. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరసలో ఉండాలి. చేతిలో ఉన్నదాన్ని పారేయడం అలాంటి రోజుల్లో ఎవరికీ తోచే ఆలోచన కాదు. ఇంజిన్ అరిగితే రీబోర్ చేయించారు, నేల తుప్పుపడితే రేకు అతికించారు, రంగు వెలిస్తే మళ్లీ కొట్టించారు. ఒక కారు నాలుగు చేతులు మారాక కూడా తుక్కు అనిపించుకోలేదు.

ఈ అలవాటుకు ఊతమిచ్చినవి రెండు మూడు బజార్లు. పాతనగరం ఉత్తరపు అంచున కశ్మీరీ గేట్ విడిభాగాలకు దేశంలోనే పెద్ద టోకు మార్కెట్ అయింది. తుక్కు వ్యాపారం మోతియా ఖాన్‌లో ఉండేది, 1970ల్లో దాన్ని నగరం పడమటికి, మాయాపురికి తరలించారు. విప్పేసిన కార్ల గేర్‌బాక్సులు, తలుపులు, అద్దాలు అక్కడ గుట్టలుగా దొరికేవి. కరోల్ బాగ్‌లో సీటు కవర్ల నుంచి హారన్ల దాకా దొరికేవి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కార్ల రకాలు తక్కువ కావడం కొనేవాడికి శాపమే, కానీ బాగుచేసేవాడికి వరమైంది. ఒకే నమూనా పాతికేళ్లు పెద్దగా మార్పు లేకుండా తయారవుతుంటే, నిన్నటి కారులో భాగం ఇవాళ్టి కారులో సరిపోతుంది, ఒక మిస్త్రీ నేర్చిన పని వాడి జీవితాంతం పనికొస్తుంది. జేబులో తక్కువ డబ్బుతో కారును బతికించడం సాధ్యమైందంటే కారణం ఈ స్థిరత్వమే. ఉన్నదాంతోనే పని నడిపించేస్తామని ఢిల్లీ వాళ్లు గొప్పగా చెప్పుకునే జుగాడ్ తెలివికి ఇందులో వాటా ఉంది, కానీ చెప్పుకునేంత పెద్దది కాదు.

1983లో మారుతి వచ్చాక ఈ బజార్ల పని అయిపోతుందని ఎవరైనా అనుకుని ఉంటే అందులో తప్పు లేదు. సుజుకీతో 1982 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబర్ 14న గుర్గావ్ కర్మాగారంలో ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళంచెవులను హర్పాల్ సింగ్ చేతికిచ్చారు. ధర 47,500 రూపాయలు, నంబరు డీఐఏ 6479. బజార్ల విషయంలో జరిగింది మాత్రం ఆ అంచనాకు విరుద్ధం. ఈ చిన్న కారు పాత అలవాటుకు కొత్త సరుకును అందించింది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, 1984లో వచ్చిన మారుతి వ్యానులోనూ అదే ఇంజిన్, కర్మాగారం ఢిల్లీ పొలిమేరలోనే. 2000లో కఠినమైన ఉద్గార ప్రమాణాలు వచ్చేదాకా కార్బురేటరే. దాన్ని విప్పి, కడిగి, బిగించడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఇంటి ముందు, ఆదివారం పూట, ఒక స్పానర్ సెట్టుతో అయ్యే పని. ఢిల్లీ పొడి గాలికి సముద్రతీర నగరాల్లోలా రేకు తొందరగా తుప్పుపట్టదు, వానాకాలంలో కాళ్ల దగ్గర నేల, తలుపుల అడుగు మాత్రం చూసుకోవాలి. బడ్జెట్ చిన్నదైతే ముందు బ్రేకులు, టైర్లు, వైరింగ్, పెట్రోలు పైపు. ఆ తరవాతే టింకరింగ్, అన్నిటికన్నా ఆఖర్న రంగు. ఈ వరస తెలిసినవాడు ఒకేసారి పెద్ద మొత్తం పెట్టకుండా నెలనెలా కొంచెం కొంచెంగా కారును రోడ్డెక్కిస్తాడు. 1990ల్లో, 2000ల్లో గుమాస్తాలు, ఉపాధ్యాయులు చేతులు మారిన మారుతులను కొని నడుపుకున్న తీరు ఇదే.

దీని పక్కనే మరో సంప్రదాయం నడిచింది. 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ జరుపుతోంది. సంస్థానాల వారసుల, సంపన్నుల గ్యారేజీల్లోని రోల్స్ రాయిస్‌లు, ఆస్టిన్‌లు అందులో మెరిశాయి. అక్కడ కొలత అసలుతనం. వీధి మిస్త్రీ దగ్గర కొలత వేరు, కారు కదలాలి, అంతే. పెట్రోలు ధర మండితే అంబాసిడర్‌లో డీజిల్ ఇంజిన్ వేశారు, సీఎన్‌జీ చౌక అనిపిస్తే డిక్కీలో సిలిండర్ పెట్టించారు. మొదటిది పరిరక్షణ, రెండోది వట్టి రిపేరు అని తేల్చేయడం మర్యాదస్తుల అలవాటు. చరిత్ర దృష్టితో చూస్తే ఈ తీర్పు తలకిందులుగా ఉంది. దేశాన్ని నడిపించిన కార్లను బతికించింది రెండో సంప్రదాయమే. చట్టం మాత్రం మొదటిదాన్నే గుర్తించింది.

ఎలాగో చూడండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ పైన ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే అయిదేళ్లకోసారి పొడిగింపు. ఆంధ్ర, తెలంగాణల్లో గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇప్పటికీ అలాగే నడుపుకుంటున్నారు. ఢిల్లీ ప్రాంతానికి ఆ వెసులుబాటు పోయింది. 2014 నవంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ 15 ఏళ్లు దాటిన వాహనాలను రోడ్డెక్కనివ్వద్దంది, 2015లో డీజిల్‌కు పదేళ్ల గడువు పెట్టింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. నడపడమే కాదు, బహిరంగ స్థలంలో నిలపడమూ నేరమైంది. ఇక్కడే వర్గభేదం బయటపడుతుంది. సొంత బంగళాలో గ్యారేజీ ఉన్నవాడు పాత కారును లోపల పెట్టుకుని తీరిగ్గా బాగుచేసుకోగలడు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) కట్టిన ఫ్లాటులో మూడో అంతస్తువాడి కారు ఉండేది వీధిలోనే. వాడికి ఇంటి దగ్గర కారు బాగుచేసుకోవడం అన్న మాటే లేకుండా పోయింది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉంటే వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. మంచి నిబంధనే. కానీ 15 ఏళ్లకు తుక్కయ్యే కారు 50 ఏళ్లకు వారసత్వ సంపద కావాలంటే నడుమ 35 ఏళ్లు ఎక్కడ దాక్కోవాలి?

ఈ వాదనకు బలమైన అభ్యంతరం గాలి. దాన్ని తేలిగ్గా తీసేయలేం. కెటలిటిక్ కన్వర్టర్ లేని కార్బురేటర్ కారు కొత్త కారుకన్నా ఎన్నో రెట్లు విషం కక్కుతుంది, శీతాకాలపు ఢిల్లీలో ఊపిరితిత్తులకు ఆ లెక్క తెలుసు. 2016లో ఐఐటీ కాన్పూర్ నివేదిక ఢిల్లీ గాలిలోని సన్నని ధూళి (పీఎం 2.5)లో వాహనాల వాటా 20 శాతం దాకా అంది. అయితే ఆ 20 శాతం రోజూ తిరిగే లారీలు, బైకులు, కార్లు అన్నీ కలిపి. నెలకోసారి బయటికి తీసే కారును దాంతో కట్టేయడం న్యాయం కాదు. కాలుష్యానికి కొలత కారు వయసు ఒక్కటే కాదు, పొగగొట్టంలోంచి ఏమొస్తోంది, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి కూడా. జర్మనీలో 30 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న కారుకు హెచ్ అక్షరంతో నంబరు ఇస్తారు, కాలుష్య నియంత్రణ మండలాల్లోకీ రానిస్తారు. లండన్‌లో 40 ఏళ్ల చారిత్రక వాహనాలకు అలాంటి మండలంలోకి వచ్చేందుకు కట్టే రుసుము నుంచి మినహాయింపు ఉంది. అక్కడివాళ్లకు గాలి పట్టదని ఎవరూ అనరు. తుక్కు బజారు కూడా అమాయకం కాదని ఒప్పుకోవాలి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో వదిలించుకున్న పరికరం మాయాపురి చేరి, అందులోని కోబాల్ట్-60 రేడియేషన్ ఒక కార్మికుడి ప్రాణం తీసింది. అది ఆ బజారుకు నియమాలు, రక్షణ కావాలని చెబుతుంది, బజారే వద్దని కాదు.

మరో మాట వినిపిస్తుంది: మారుతి 800 లాంటి మామూలు కారును ఎవరు దాచుకుంటారు, కంపెనీ ఒకటి ఉంచింది కదా అని. నిజమే, ఉంచింది. హర్పాల్ సింగ్ 2010లో చనిపోయేదాకా ఆ కారును తనే ఉంచుకున్నారు. తరవాత అది ఢిల్లీ గ్రీన్ పార్కులో ఇంటి బయట తుప్పుపట్టింది. చివరికి మారుతి కంపెనీయే దాన్ని అసలు భాగాలతో బాగుచేసి, రోడ్డెక్కే వీలు లేదు కాబట్టి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. ఆ ఒక్క కారు బతికింది దాని నంబరు వల్ల. ఇక మిగతావాటి సంగతి. మారుతి 800ను బీఎస్-4 ఉద్గార ప్రమాణాలకు మార్చలేదు, అందుకే ఢిల్లీలో 2010 ఏప్రిల్ నుంచి అమ్మకం ఆగింది. అంటే ఢిల్లీలో అమ్ముడైన ఆఖరి 800కు కూడా 2025 వసంతానికే 15 ఏళ్లు నిండాయి. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు పాత వాహనదారుల మీద కఠిన చర్యలు వద్దంది, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆ పై వాహనాలకే పరిమితం చేసింది. మధ్యతరగతిని మొదటిసారి కారెక్కించిన బండి ఏ ఊళ్లో పుట్టిందో ఆ ఊరి రోడ్ల మీద చట్టబద్ధంగా మిగలదు.

కేంద్ర రవాణా శాఖ చేయగలిగిన పని చిన్నదే. 50 ఏళ్ల హద్దును 30కి దించాలి. ఏడాదికి కిలోమీటర్ల పరిమితి, పొగ పరీక్ష పెట్టి, శీతాకాలం కాలుష్య హెచ్చరికల రోజుల్లో బయటికి తీయకూడదనాలి. పదిహేను దాటి ముప్ఫై నిండని కారును రోడ్డెక్కించకుండా బాగుచేసుకుంటానన్నవాడికి వీధిలో నిలుపుకునే అనుమతి ఇవ్వాలి.