మొసలి, ఎలిగేటర్: ఆనవాళ్ళు

మొసలి, ఎలిగేటర్ ఒకే క్రమానికి చెందిన సరీసృపాలు, కుటుంబాలు మాత్రం వేరు. ఈ రెండు శాఖలూ 8 కోట్ల ఏళ్ళకు పూర్వమే విడిపోయాయి. నేడు బతికి ఉన్న ఎలిగేటర్ జాతులు రెండే. ఒకటి అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో, రెండోది చైనాలో యాంగ్జీ నది దిగువ ప్రాంతంలో ఉంటుంది. భారతదేశంలో సహజంగా పెరిగే ఎలిగేటర్ లేదు. చెన్నై జార్జి టౌన్‌లో ఎవరైనా ఊరి చెరువులో ఎలిగేటర్‌ను చూశామంటే, వారు చూసింది మగ్గర్ అనే మొసలినే అనుకోవచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానల్లో చెన్నై శివారు పెరుంగళత్తూరులో రాత్రిపూట రోడ్డు దాటుతూ వీడియోకు చిక్కిన జంతువు కూడా మగ్గరే. నగర పరిసరాల్లోని కొన్ని చెరువుల్లో ఇవి ఉన్నాయని, మనుషులకు దూరంగా మసలుతాయని అప్పట్లో అధికారులు చెప్పారు.

ఎలిగేటర్ మూతి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుందనీ, మొసలి మూతి కొస తేలి ఉంటుందనీ పుస్తకాల్లో మొదట కనిపించే సూత్రం. అమెరికాలో ఇది బాగానే పనికొస్తుంది. మన దగ్గర దీన్ని నమ్ముకోకూడదు. మొసళ్ళలోకెల్లా వెడల్పాటి మూతి మగ్గర్‌దే, దూరం నుంచి చూస్తే ఎలిగేటరే అనిపిస్తుంది.

పళ్ళు అంత సులువుగా మోసం చెయ్యవు. నోరు మూసి ఉన్నప్పుడు పక్కనుంచి చూడాలి. మొసలి కింది దవడలోని నాలుగో పన్ను పై దవడ అంచున ఉన్న నొక్కులో ఇమిడి బయటికి కనిపిస్తుంది. ఎలిగేటర్‌కు అదే పన్ను పై దవడ లోపలి గుంటలోకి పోతుంది, కాబట్టి పై వరుస పళ్ళు తప్ప కిందివి దాదాపు కనిపించవు. చర్మం మీద ఇంకో గుర్తు ఉంది. మొసలి ఒంటి నిండా పొలుసు పొలుసుకీ అంచు దగ్గర చిన్న చుక్కలాంటి స్పర్శాంగం ఉంటుంది. ఎలిగేటర్‌కు అవి దవడల మీదే ఉంటాయి. తోలు సంచి ఏ జంతువుదో తేల్చడానికి కూడా ఈ చుక్కలే ఆధారం. రంగు సంగతి అంత గట్టిది కాదు. ఎలిగేటర్ నలుపు, మొసలి బూడిద లేక ఆలివ్ అంటారు గానీ బురద పట్టాక అన్నీ ఒకటే. మొసలి నాలుక మీద ఉప్పును బయటికి తోసే గ్రంథులు పనిచేస్తాయి, అందుకే కొన్ని జాతులు సముద్రంలోనూ తిరుగుతాయి.

మన దేశంలో అసలు తేల్చుకోవలసింది మూడింటి మధ్య: మగ్గర్, ఉప్పునీటి మొసలి, ఘరియల్. ఘరియల్‌ను గుర్తుపట్టడం తేలిక, సన్నటి పొడవాటి మూతి, మగదానికి మూతి చివర బుడిపె. చంబల్ వంటి ఉత్తరాది నదులు దాని నెలవు. మిగతా రెండింటికీ తేడా మెడ వెనుక ఉంది. తల వెనువెంటనే పెద్ద పలకలు వరుసగా ఉంటే మగ్గర్, అవి లేకుండా మెడ నున్నగా కనిపిస్తే ఉప్పునీటి మొసలి. మగ్గర్ ఇసుక గట్టు తవ్వి గుడ్లు పెడుతుంది, ఉప్పునీటి మొసలి ఆకూ అలమూ కుప్ప పోసి పెడుతుంది. ఉప్పునీటి మొసలి నేడు ఒడిశా భితర్‌కనిక, సుందరవనాలు, అండమాన్ నికోబార్ దీవుల్లోనే మిగిలింది. తెలంగాణలో మంజీరా అభయారణ్యం మగ్గర్లకు పేరుపొందింది.

ఎలిగేటర్‌ను, మొసలిని ఒకే చోట పోల్చి చూడాలంటే జార్జి టౌన్ నుంచి తూర్పు తీర రహదారి మీదుగా మహాబలిపురం వైపు వెళ్ళి, వడనెమ్మేలిలోని మద్రాస్ క్రొకొడైల్ బ్యాంకులో ఆగాలి. రోములస్ విటేకర్, జై విటేకర్ దీన్ని 1976లో నెలకొల్పారు. ప్రకృతిలో ఈ రెండూ కలిసి బతికే చోటు ప్రపంచంలో ఒక్కటే, ఫ్లోరిడా దక్షిణ కొస.

మన దేశంలోని ఈ మూడు జాతులకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. చెరువు గట్టున మొసలి కనిపిస్తే పళ్ళు చూడడానికి దగ్గరికి పోకండి, అటవీ శాఖకు కబురు చెయ్యండి.